జాగ్రత్త: సెకండ్ హ్యాండ్ వైడ్ లెన్స్ కొంటుంటే వెనక నుంచి టార్చ్ వేసి చూడందే డబ్బులివ్వకండి

ఈ చలికాలం వంజంగి, లంబసింగి, అరకు వైపు వెళ్దామని పాత లెన్సులు వెతుక్కుంటున్న వాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదివి, ఆ తర్వాత అడ్వాన్సు కొట్టండి. నాకు పోయినవి 28,000 రూపాయలు. దాంతో పాటు ఒక మంచి తెల్లవారుజాము కూడా పోయింది. డబ్బు సంగతి ఎలాగో సర్దుకున్నాను గానీ ఆ తెల్లవారుజాము గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నా దగ్గరున్నది పాత నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్, దాంతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సు. ఈ అంకె ఎంత తక్కువైతే ఫొటోలో అంత వెడల్పు పడుతుంది. లోయ నిండా మేఘాలు పరుచుకుంటే 18లో సగమే పడుతుంది. అందుకని 10-24 వైడ్ లెన్సు కోసం రెండు నెలలు వెతికాను. హైదరాబాద్‌లో ఒకాయన ప్రకటన కనిపించింది. "మింట్ కండిషన్, క్రిస్టల్ క్లియర్ గ్లాస్, జీరో ఫంగస్" అని రాశాడు. ఫంగస్ అంటే లెన్సు లోపల గాజుకి పట్టే బూజు. శాంపిల్ ఫొటోలు పంపమంటే పది పంపాడు. ట్యాంక్‌బండ్, గోల్కొండ, ఎవరిదో పెళ్లి మండపం... అన్నీ బాగున్నాయి. ఇప్పుడు తీసి చూస్తే తెలుస్తోంది, ఆ పదింటిలో ఒక్కదానిలోనూ సూర్యుడు కెమెరాకి ఎదురుగా లేడు. అప్పుడు ఆ ఆలోచనే రాలేదు.

పెళ్లికని హైదరాబాద్ వెళ్లినప్పుడు వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్ పార్కింగ్‌లో కలిశాం. నేనేమీ గుడ్డిగా కొనలేదు. ముందు గాజు మీద గీతలు చూశాను. జూమ్ రింగ్ తిప్పాను, ఫోకస్ చూశాను, గోడకి నాలుగు ఫొటోలు కొట్టి అంచులు షార్ప్‌గా ఉన్నాయో లేదో పెద్దది చేసి చూశాను. లెన్సు విప్పి ట్యూబ్‌లైట్ వైపు పెట్టి లోపలికి కూడా చూశాను. క్లియర్‌గానే ఉంది. "చూసుకోండి బ్రదర్, మనం అలాంటి మనుషులం కాదు" అన్నాడాయన. ఫోన్‌లో డబ్బులు పంపి, బిల్లు అడక్కుండా బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

నేను చేసిన తప్పు ఆ ట్యూబ్‌లైట్ దగ్గరే ఉంది. ఈ రకం నికాన్ లెన్సుని కెమెరా బాడీ నుంచి విప్పితే, వెలుతురు ఎంత రావాలో సరిచేసే లోపలి బ్లేడ్లు మూసుకుపోయి బటాణీ గింజంత కంత మాత్రమే మిగులుతుంది. నేను చూసింది ఆ కంతలోంచి. వెనక, కెమెరాకి బిగించే మౌంట్ పక్కన ఒక చిన్న లివర్ ఉంటుంది. దాన్ని వేలితో నెట్టి పట్టుకుంటే బ్లేడ్లు పూర్తిగా తెరుచుకుంటాయి, అప్పుడు గాజు మొత్తం కనిపిస్తుంది. పదేళ్లుగా కెమెరా పట్టుకుంటున్నాను, ఆ లివర్ సంగతి తెలియదని కాదు. ఆయన మాటలు వింటూ మర్చిపోయాను.

డిసెంబర్‌లో ముగ్గురం కలిసి వంజంగి వెళ్లాం. రాత్రికి పాడేరులో దిగి, చీకటితోనే లేచి, జీపు దిగాక టార్చిలైట్లు వేసుకుని కొండెక్కాం. వెళ్లినవాళ్లకి తెలుసు, అక్కడ వెలుతురు నిమిషానికో రంగు. ముందు అంతా నీలం. తర్వాత తూర్పున కొండల అంచు మీద సన్నగా గులాబీ. కింద లోయలో మేఘం పాలు పొంగినట్టు నిండి, మధ్యలో కొండ శిఖరాలు మాత్రం పైకి తేలి ఉంటాయి. ఉన్నట్టుండి గాలి తిరిగి మంచు మన మీదికే వచ్చేస్తుంది, పక్కనున్న మనిషి కూడా కనపడడు. పది నిమిషాలకి మళ్లీ తెర తీసినట్టు విడిపోతుంది. అలాంటప్పుడు ఎక్స్‌పోజర్ (ఫొటోకి ఎంత వెలుతురు పడాలో ఆ లెక్క) ఒకసారి పెట్టి వదిలేస్తే కుదరదు. ఆకాశానికి ఒకటి, లోయకి ఒకటి, మధ్యస్థంగా ఒకటి చొప్పున మూడేసి కొడుతూ, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు చూపించే గ్రాఫ్) చూసుకుంటూ ఉండాలి.

సూర్యుడు రాకముందు తీసినవన్నీ బాగానే వచ్చాయి. 6:20 ప్రాంతంలో సూర్యుడు కొండ మీద తల పెట్టగానే నా స్క్రీన్ మీద ఫొటోలు తెల్లబోయాయి. నలుపు అనేదే లేదు, శిఖరాలన్నీ బూడిద రంగు. సూర్యుడి చుట్టూ అరచేయంత తెల్లటి మచ్చ, ఎదురు మూల నుంచి ఒక పొగ చార.

మంచు అనుకున్నాను. అదే ఈ కథలో పెద్ద మోసం. చుట్టూ మంచే ఉన్నప్పుడు ఫొటోలో కనిపించే మసక గాలిలోదా, గాజులోదా అని ఎలా తెలుస్తుంది? ముందు గాజు మీద నీటి ఆవిరి పట్టిందేమోనని గుడ్డతో తుడిచాను. మళ్లీ అదే. ఫిల్టర్ తీసేశాను. అదే. ఎండ పడకుండా లెన్సు ముందు తగిలించే హుడ్ సరిచేశాను, చేత్తో నీడ పట్టాను. ఊహూ. పక్కన మా తమ్ముడు ఫోన్‌తో తీసిన ఫొటోలో మాత్రం శిఖరాలు కాటుక పెట్టినట్టు నల్లగా, కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. అప్పుడు పడింది బుర్రకి దెబ్బ. వేళ్లు కొంకర్లు పోతుంటే కిట్ లెన్సు మార్చి అదే చోట కొట్టాను. శుభ్రంగా వచ్చింది! గాలిలో మంచు కదులుతోంది, లెన్సులో మంచు ఎక్కడిదక్కడే ఉంది. ఈ తంతు అంతా అయ్యేసరికి సూర్యుడు బారెడు పైకొచ్చేశాడు, ఆ రంగులు పోయాయి.

విశాఖ వచ్చాక మాకు తెలిసిన రిపేరు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గదిలో లైటు ఆర్పి, లివర్ నెట్టి, వెనక నుంచి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూపించాడు. లోపలి గాజు అంచున సాలెగూడు లాగా కొమ్మలు కొమ్మలుగా పోగులు. అది ఫంగస్. దాని వెనక గాజు మీద బాత్‌రూమ్ అద్దానికి ఆవిరి పట్టినట్టు పల్చటి పొర. అది హేజ్, లోపలి గ్రీజు ఆవిరై గాజు మీద పేరుకుంటే వస్తుందట. విప్పి కడగొచ్చు గానీ ఫంగస్ వదిలే ఆమ్లం గాజు మీది కోటింగ్‌ని తినేసి ఉంటే మచ్చ పోదన్నాడు. మామూలు వెలుతురులో ఇవేవీ ఫొటోలో కనపడవు. ఎండ నేరుగా గాజు మీద పడినప్పుడే ఆ పోగులు, ఆ పొర వెలుతురుని చెదరగొట్టి ఫొటో అంతా పాల నీళ్లు చేస్తాయి. పెళ్లి ఫొటోలు తీసుకునేవాడికి ఈ లెన్సు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కొండల మీద సూర్యోదయం తీసేవాడికి పనికిరాదు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే ఏమన్నాడో వినండి. "మీరు మంచులో పట్టుకెళ్లారు కదా సార్, అక్కడే ఫంగస్ పట్టింది." ఒక్క ఉదయంలో కోటింగ్ మీద సాలెగూడు అల్లుకోదు. తేమలో, చీకటిలో, బ్యాగులో వారాలు, నెలలు పడుంటే వస్తుంది. ఆ మాట చెప్పాక ఫోన్ ఎత్తడం మానేశాడు. పేరు ఇక్కడ రాయడం లేదు, కామెంట్లలో అడగొద్దు.

మీరు కొనేటప్పుడు చీకటిగా ఉన్న చోట బ్లేడ్లు పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. నేరుగా వేస్తే కళ్లు చెదురుతాయి తప్ప ఏమీ తెలియదు. జూమ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పుతూ చూడండి. నాలుగు దుమ్ము రేణువులుంటే కంగారు పడకండి, పాత లెన్సుల్లో అవి మామూలే. పోగులు గానీ, పొర గానీ కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. కెనాన్ ఈఎఫ్ లెన్సులకి విప్పినా బ్లేడ్లు తెరిచే ఉంటాయి కాబట్టి ఆ బాధ లేదు. మిగతావి ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఏదైనా సరే, చిన్న కంతలోంచి చూసి మాత్రం ఒప్పుకోవద్దు.

రెండోది, సాయంత్రం ఎండ ఉండగా కలవండి. సెల్లార్‌లో వద్దు. హుడ్ తీసేసి, సూర్యుణ్ణి ఫ్రేము మూలకి పెట్టి, ఎఫ్/11లో (బ్లేడ్లు బాగా మూసుకునే సెట్టింగు) ఒకటి కొట్టండి. వ్యూఫైండర్‌లోంచి ఎండని చూడకండి, స్క్రీన్ మీదే చూడండి. వెంటనే మీ సొంత లెన్సుతో అదే ఫ్రేము. రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లాడికి కూడా తేడా తెలుస్తుంది. అమ్మేవాడు "ఎండలోకి ఎందుకు సార్" అంటే మీకు జవాబు దొరికినట్టే.

దుకాణంలో కొంటే బిల్లు తీసుకుని, దాని మీద "ఫంగస్ లేదు" అని రాయించుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోడానికి చేతిలో కాగితం ఉంటుంది. నా దగ్గర డబ్బు పంపిన రశీదు తప్ప ఇంకేమీ లేదు.

మన విశాఖ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లకి ఇంకో మాట. మంచి లెన్సు కొన్నా ఇక్కడ గాలి తేమకి పాడవడానికి ఎక్కువ కాలం పట్టదు. లోపల తేమ 40-50 శాతం ఉండేలా తేమని లాగేసే డ్రై క్యాబినెట్ గానీ, అంత పెట్టలేకపోతే మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ గానీ పెట్టుకోండి. కొండ దిగి వచ్చేటప్పుడు చల్లబడిన లెన్సుని వెచ్చటి గాలిలో ఒక్కసారిగా బయటికి తీస్తే ఆవిరి పట్టేస్తుంది. జిప్ కవర్లో పెట్టి మూసేసి, ఇంటికొచ్చి అది గది వేడికి వచ్చాకే తీయండి.

నిన్న రాత్రి ఆయన ఇంకో ప్రకటన పెట్టాడు. ఈసారి 70-300 జూమ్ లెన్సు. "మింట్ కండిషన్, క్రిస్టల్ క్లియర్ గ్లాస్, జీరో ఫంగస్." శాంపిల్ ఫొటోలు ఎనిమిది ఉన్నాయి. అన్నిట్లోనూ ఎండ కెమెరా వెనక నుంచే పడుతోంది.