సున్నా నుంచా, ఒకటి నుంచా? అడ్డు ముందా, నిలువు ముందా?

మా మేనకోడలు బరంపురం నుంచి సెలవులకు పర్లాకిమిడి వచ్చింది, ప్రాజెక్టును వెంటేసుకొని. గజపతి జిల్లాలోని 7 బ్లాకుల్లో నెల నెలా కురిసిన వాన లెక్క అది. అడ్డు వరుసకు ఒక బ్లాకు, నిలువు వరుసకు ఒక నెల, మొత్తం 84 గళ్ళు. తాను పైథాన్ భాషలోని నమ్‌పై అనే లెక్కల లైబ్రరీతో రాసింది. మాస్టారు ఇచ్చిన పాత ప్రోగ్రామేమో ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో ఉంది. "ఏది మేలు మావయ్యా?" అని అడిగింది.

గళ్ళను ఫోర్ట్రాన్ మామూలుగా ఒకటి నుంచి లెక్కిస్తుంది, నమ్‌పై సున్నా నుంచి. మొదటి బ్లాకులో జూలై వాన ఫోర్ట్రాన్‌లో వర్షం(1, 7), నమ్‌పైలో వర్షం[0, 6]. జూలై ఏడో నెల అయినప్పుడు ఆరు రాయడం దేనికి? ఇక్కడ నా ఓటు ఫోర్ట్రాన్‌కే. ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని 'లాభం' అంటారు గానీ సున్నా అనరు. పైగా ఫోర్ట్రాన్‌లో లెక్క ఎక్కడ మొదలు కావాలో మనమే చెప్పవచ్చు. 1991:2020 అని ప్రకటిస్తే 1999 నాటి వానకు 1999 అనే రాస్తాం.

సున్నాకూ బలం ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం ఫోర్ట్రాన్‌లో 6:9, నమ్‌పైలో 5:9. నమ్‌పైలో చివరి అంకె లెక్కలోకి రాదు కనుక 9లోంచి 5 తీస్తే నాలుగు నెలలు. 1982లో సున్నా పక్షం వహించిన కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా వాదనలో ఈ సౌలభ్యం కూడా ఉంది. సున్నా లెక్కలో నవంబరు 10. దాని తర్వాత మూడో నెల ఏదంటే 10కి 3 కలిపి 12తో భాగిస్తే శేషం 1, అంటే ఫిబ్రవరి. ఒకటితో మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడ ఒకటి తీసి, మళ్ళీ ఒకటి కలపాలి. అయితే జనవరికి ముందు నెల అడిగితే ఇండెక్స్ (గడి సంఖ్య) -1 అవుతుంది. నమ్‌పై తప్పు అనదు, అదే ఏడాది డిసెంబరును చేతిలో పెడుతుంది! ఒకటితో మొదలుపెట్టే జూలియా అనే భాషలో అదే నెల అడిగితే సున్నా వస్తుంది, అది తప్పని చెప్పి అక్కడే ఆగిపోతుంది.

నన్ను భయపెట్టేది మాత్రం అడ్డు, నిలువుల తారుమారు. వర్షం[0, 6] బదులు వర్షం[6, 0] అని రాస్తే ఏడో బ్లాకు జనవరి వస్తుంది, గోల లేకుండా. ఐడీఎల్ అనే మరో భాషలో నిలువు వరుస సంఖ్యే ముందు రాస్తారు, అలవాటు లేనివాళ్ళకు అదో చిక్కు.

మెమరీలో అమరిక కూడా వేరు. నమ్‌పై మామూలుగా ఒక బ్లాకు పన్నెండు నెలలనూ పక్కపక్కనే పెడుతుంది. ఫోర్ట్రాన్, మాట్‌లాబ్ భాషలు జనవరి నెల ఏడు బ్లాకులనూ ఒకచోట ఉంచుతాయి. ఒక్కో సంఖ్యకు 8 బైట్ల చొప్పున 84 సంఖ్యలంటే 672 బైట్లు, తేడా కనబడదు. 10,000 అడ్డు, 10,000 నిలువు అయితే 80 కోట్ల బైట్లు. ప్రాసెసర్ సాధారణంగా మెమరీలో పక్కపక్కనున్న 64 బైట్లు, అంటే 8 సంఖ్యలు ఒకేసారి తెచ్చుకుంటుంది. అమరికకు విరుద్ధమైన వరుసలో లూపు నడిపితే, పాతపట్నం వెళ్ళి ఎనిమిది సరుకులు మోసుకొచ్చి, ఒకటి వాడి, ఏడు పారేసి, మళ్ళీ బయలుదేరినట్టే.

మాస్టారి ఫోర్ట్రాన్‌ను కదపవద్దన్నాను. తనకు చేతనైన నమ్‌పైనే ఉంచుకోమన్నాను, ప్రోగ్రాం మొదట్లోనే జూలై = 6 అని పేరు పెట్టుకొని. ముందుగా మొదటి బ్లాకు జూలైని అచ్చు వేసి చూడమన్నాను. నడి వానాకాలంలో నేల ఎండినట్టు కనిపిస్తే వరుసలు తిరగబడ్డాయన్నమాట.