అవాన్‌క్రాఫ్ట్ మ్యూజియంలో రేకుల చర్చి

స్టీలు షెడ్ల డిజైన్ నా ఉద్యోగం. అందుకే ఇంగ్లండ్‌లో బ్రామ్స్‌గ్రోవ్ దగ్గరి అవాన్‌క్రాఫ్ట్ అనే పాత కట్టడాల మ్యూజియంకి వెళ్ళగానే, అందరూ గాలిమర వైపు పోతుంటే, నేను అత్తయ్యని తీసుకుని రేకుల చర్చికి నడిచాను. 1891లో హెర్ఫర్డ్‌షైర్‌లోని బ్రింగ్‌స్టీ కామన్‌లో కట్టిన చర్చి ఇది. తర్వాత ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్ళీ బిగించారు. ఆ రోజుల్లో లివర్‌పూల్, లండన్ కంపెనీలు ఇలాంటి చర్చిలను కేటలాగులో పెట్టి అమ్మేవి. విడిభాగాలు రైళ్ళలో ఊళ్ళకీ, ఓడల్లో ఆస్ట్రేలియాకీ వెళ్ళేవి.

ముందు బయట మూల దగ్గర నిలబడి చూడండి. పల్చటి రేకు దానంతటది వంగిపోతుంది. ముడతలు పెడితే బిగుస్తుంది. హెన్రీ పామర్ అనే ఇంజనీరు 1829లో పేటెంటు తీసుకున్నది ఈ కిటుకు మీదే. తర్వాత జింకు పూత వచ్చి తుప్పుని చాలాకాలం ఆపింది. గోడల్లో బరువు మోసేది లోపలి కొయ్య చట్రం. ముడతలు నిలువుగా ఉంటాయి కాబట్టి వాన నీరు ఎక్కడా ఆగదు. కిటికీల అంచుల దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. ఎత్తుపల్లాల రేకుకీ చదునైన చెక్కకీ మధ్య నీళ్ళు దూరకుండా చూడడం ఇప్పటికీ మాకు తలనొప్పే.

ఆ కాలపు రచయిత, డిజైనర్ విలియం మోరిస్‌కి ఈ రేకు కప్పులంటే ఒళ్ళుమంట. నేను ఒప్పుకోను. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1851లో స్కాట్లాండ్‌లోని తమ బాల్మోరల్ కోటకి రేకుల నాట్యశాలే తెప్పించుకున్నాడు. గని పక్కన రాత్రికి రాత్రి పుట్టిన ఊరికి రాతి చర్చి కట్టేదాకా ప్రార్థన ఆపుకోమంటామా?

లోపలంతా చెక్క పలకలే. "రేకు ఏదమ్మా?" అన్నారు అత్తయ్య. అంతలో కప్పు మీద వాన మోత మొదలైంది. అప్పుడు తెలిసింది రేకు ఎక్కడుందో! పాట వింటూ కూర్చునే చోటు కాదిది, గొంతెత్తి పాడాల్సిన చోటు. చలికాలం వణుకు, ఎండకి ఉక్క కూడా తప్పవు. అయినా ఐదుకి ఐదు నక్షత్రాలు ఇస్తాను.

ఇది నచ్చినవాళ్ళు లండన్ కిల్బర్న్‌లో 1863 నాటి రేకుల చర్చినీ చూడండి. మేం మాత్రం వాన ఆగేదాకా అవాన్‌క్రాఫ్ట్ చర్చిలోనే ఉన్నాం. అత్తయ్య ముందు బెంచీలో కూర్చుని, వానని మించేలా ఒక కీర్తన పూర్తిగా పాడారు.