లోన్ ఆఫీసర్ లైసెన్సు చూసే సైటు: ఎన్‌ఎంఎల్‌ఎస్ కన్స్యూమర్ యాక్సెస్

అమెరికాలో ఇల్లు కొనే మనవాళ్లు వడ్డీలో ఎనిమిదో వంతు శాతానికి కూడా బేరమాడతారు. ఆ రేటు చెప్పిన మనిషికి తమ స్టేట్‌లో లైసెన్సు ఉందా అని మాత్రం అడగరు. ఎన్‌ఎంఎల్‌ఎస్ అంటే అమెరికా అంతటా ఇంటి లోన్ల ఆఫీసర్లు, కంపెనీల లైసెన్సుల రికార్డు. దాన్ని జనం చూసుకునే ఈ సైటులో అది రెండు నిమిషాల పని. అకౌంటు అక్కర్లేదు, ఫీజు లేదు.

పేరుతో వెతక్కండి. రెడ్డి, రావు అని కొడితే పేజీలకు పేజీలు వస్తాయి. లోన్ అప్లికేషన్ మీద ఆఫీసర్‌కు ఒకటి, కంపెనీకి ఒకటి ఎన్‌ఎంఎల్‌ఎస్ నంబర్లు ఉంటాయి. రెండూ విడివిడిగా కొట్టి చూడాలి.

లైసెన్సు స్టేట్ స్టేట్‌కూ వేరు. మీరు కొనే ఇల్లు టెక్సస్‌లో ఉంటే ఆఫీసర్ న్యూజెర్సీ లైసెన్సు మీకు పనికిరాదు. ఇల్లున్న స్టేట్ వరసలో వ్యాపారానికి అనుమతి 'ఎస్' (అవును) అని ఉండాలి. వివరాల్లోకి వెళ్తే 'అప్రూవ్డ్ ఇనాక్టివ్' అని కొందరికి కనిపిస్తుంది. మొదటి మాట చూసి మోసపోవద్దు. లైసెన్సు ఉన్నా ఆ మనిషి ఇప్పుడు లోన్ ఇప్పించకూడదని దానర్థం. కంపెనీ మారి, కొత్త కంపెనీ స్పాన్సర్‌షిప్ (ఇతను మా తరఫున పనిచేస్తాడన్న నమోదు) ఇంకా పడనప్పుడు తరచూ ఇలా అవుతుంది.

లైసెన్సులు ఏటా డిసెంబర్ 31తో ముగుస్తాయి. రెన్యువల్ నవంబర్ 1న మొదలవుతుంది, దానికి 8 గంటల క్లాసులు తప్పనిసరి. అందుకే నవంబర్‌లో మొదలైన ఫైలు ఫిబ్రవరిలో క్లోజ్ అయ్యేట్టుంటే, జనవరిలో ఇంకోసారి చూడండి.

లోన్ ఆఫీసర్ల లైసెన్సులకు దేశమంతటా కనీస ప్రమాణాలు పెట్టిన సేఫ్ చట్టం 2008లో వచ్చేదాకా ఒక్కో స్టేట్‌ది ఒక్కో పద్ధతి. ఇప్పుడు స్టేట్ లైసెన్సు కావాలంటే 20 గంటల చదువు, 75 శాతం మార్కులు, వేలిముద్రలు, క్రెడిట్ రిపోర్టు ఉండాల్సిందే. పరీక్ష తప్పితే 30 రోజులు ఆగాలి, వరసగా మూడుసార్లు తప్పితే 6 నెలలు.

సైటు గట్టిగా చెప్పాల్సి ఉండీ చెప్పనిది ఇక్కడే ఉంది. బ్యాంకు ఉద్యోగికి ఈ చదువూ పరీక్షా ఏవీ లేవు, ఫెడరల్ రిజిస్ట్రేషన్ చాలు. వేలిముద్రలు మాత్రం ఇవ్వాలి. పేజీ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తారు.

పేజీలో 'రెగ్యులేటరీ యాక్షన్స్' (నియంత్రణ సంస్థలు తీసుకున్న చర్యలు) భాగం ఖాళీగా ఉంటే క్లీన్‌చిట్ అనుకోవద్దు. అక్కడ కనిపించేవి రెగ్యులేటర్లు ఎక్కించిన ఉత్తర్వులే, పాతవి దొరక్కపోవచ్చు. స్టేట్ రెగ్యులేటర్ సైటు కూడా తెరవండి. ఎన్‌ఎంఎల్‌ఎస్ సైటులో జనం ఫిర్యాదులు కనిపించవు. కంపెనీ మీద వచ్చినవి సీఎఫ్‌పీబీ (వినియోగదారుల ఆర్థిక రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) డేటాబేస్‌లో వెతకాలి, అందులో ఆఫీసర్ పేరు ఉండదు.

లైసెన్సు ఈ రోజు చెల్లుతుందా అన్నదానికి ఈ సైటుకు ఐదుకు ఐదు ఇవ్వొచ్చు. గత చరిత్రకు మాత్రం రెండున్నర దాటదు.

ఇంకొకటి: బ్యాంకు వదిలి మార్ట్‌గేజ్ కంపెనీలో చేరినవాళ్లు, కొత్త స్టేట్‌లో దరఖాస్తు పెట్టినవాళ్లు అర్హతలుంటే తాత్కాలిక అనుమతితో 120 రోజుల వరకు పనిచేయొచ్చు. 2019 నవంబర్ నుంచి ఇది చట్టబద్ధమే. అలాంటి ఆఫీసరైతే, గడువులోపు లైసెన్సు రాకపోతే మీ ఫైలు ఎవరు చూస్తారో రేటు లాక్ చేసేముందే (వడ్డీ రేటు ఖాయం చేసుకునేముందే) కంపెనీ చేత ఈమెయిల్‌లో రాయించుకోండి.