కన్సోల్‌లో సినిమా డిస్కులు: తగిలించే డ్రైవా, లోపలి డ్రైవా, విడి ప్లేయరా – ఏది మేలు?

డిస్కు పెట్టే చీలిక లేని పీఎస్5 (సోనీ ఆటల కన్సోల్) తక్కువ ధరకు వచ్చిందని కొన్నాక, అలమరలోని బ్లూరే సినిమా డిస్కులు గుర్తొస్తాయి. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర అడిగినా, కడప ఏడు రోడ్ల సర్కిల్లో అడిగినా "యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి తీసుకుపో అన్నా, తగిలిస్తే ఆడుతుంది" అనే మాట వినపడొచ్చు. ఆడదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ఆ డబ్బు మిగులుతుంది.

లాప్‌టాప్‌కు పెట్టుకునే యూఎస్‌బీ బ్లూరే డ్రైవ్‌ను పీఎస్5 గుర్తించదు, మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కూడా గుర్తించదు. కేబుల్ సరిపోయినంత మాత్రాన సరిపోదు. బ్లూరే డిస్కులోని సినిమాకు ఏఏసీఎస్ అనే తాళం వేసి ఉంటుంది. డ్రైవూ ప్లేయరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి, తాళంచెవులు సరిచూసుకున్నాకే తెర మీద బొమ్మ వస్తుంది. కన్సోల్ తయారుచేసిన కంపెనీ ఒప్పుకున్న డ్రైవ్‌కు తప్ప ఆ తాళం తెరుచుకోదు.

ఆ లెక్కన ఇప్పటి కన్సోళ్ళలో విడిగా కొని తగిలించుకోగలిగింది ఒక్కటే, సోనీ వాళ్ళ పీఎస్5 డిస్క్ డ్రైవ్. అది కూడా అన్ని పీఎస్5లకూ పట్టదు. 2023 చివర్లో వచ్చిన సన్న మోడల్ డిజిటల్ ఎడిషన్‌కు (చీలిక లేని రకం, సీఎఫ్‌ఐ-2000 వరస), 2024లో వచ్చిన ప్రో మోడల్‌కు సరిపోతుంది. 2020 నాటి లావు డిజిటల్ ఎడిషన్‌కు ఎంత తంటాలు పడ్డా పట్టదు. మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోవడం సులువు: పక్క కవరు నల్లటి గీతతో రెండు ముక్కలుగా ఉంటే సన్నది, ఒకే పెద్ద ముక్కగా ఉంటే పాతది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఇక్కడే మోసపోతారు. అమ్మేవాడు "డిజిటల్, డ్రైవ్ తర్వాత వేసుకోవచ్చు" అంటాడు, ఇంటికి తెచ్చి చూస్తే పాత మోడల్.

మన దేశంలో సన్న మోడల్ 2024 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు డిజిటల్ 44,990 రూపాయలు, డిస్క్ ఎడిషన్ 54,990 రూపాయలు. తేడా సరిగ్గా పది వేలు. ఇప్పటి ధరలు ఏవైనా బేరంలో కొలమానం ఇదే: డ్రైవ్ విడి ధర ఈ రెండు మోడళ్ళ తేడా కంటే ఎక్కువ పలికితే, కొత్తగా కొనేవాళ్ళు నేరుగా డిస్క్ ఎడిషనే తీసుకోవాలి. డిజిటల్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళకే విడి డ్రైవ్ గిట్టుబాటు.

బిగించడానికి అయిదు నిమిషాలు చాలు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. కన్సోల్‌ను రెస్ట్ మోడ్‌లో వదలకుండా పూర్తిగా ఆఫ్ చేసి, ప్లగ్గు, హెచ్‌డీఎంఐ అన్నీ పీకేయండి. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి పడుకోబెట్టి, డ్రైవ్ వైపున్న కింది కవరు అంచు పట్టి పైకి లేపితే క్లిప్పులు ఊడతాయి. డ్రైవ్‌ను ఖాళీలో పెట్టి నొక్కితే టక్‌మని కూర్చోవాలి. ఆ చప్పుడు రాకపోతే కనెక్టర్ సగమే దిగినట్టు. ఆ తర్వాత చీలిక ఉన్న కవరు వేసి ఆన్ చేస్తే, డ్రైవ్‌ను జతచేయమని తెర మీద అడుగుతుంది. ఈ జతకట్టడానికి ఇంటర్నెట్ తప్పనిసరి. వైఫై లేని ఊళ్ళో ఉంటే ఫోన్ హాట్‌స్పాట్ చాలు. ఒకసారి జత కుదిరాక సినిమా చూడటానికి నెట్ అక్కర్లేదు.

ఈ డ్రైవ్ 4కే బ్లూరే, మామూలు బ్లూరే, డీవీడీ ఆడిస్తుంది. ఆడించనివి కూడా తెలుసుకోండి: ఆడియో సీడీ, వీసీడీ, త్రీడీ బ్లూరే. ఇంట్లో వీసీడీల పెట్టె ఉన్నవాళ్ళు పాత డీవీడీ ప్లేయర్‌ను పారేయకూడదు. 4కే డిస్కుల్లో వెలుగునీడలను మెరుగ్గా చూపే హెచ్‌డీఆర్10 వస్తుంది, అంతకంటే మెరుగైన డాల్బీ విజన్ రాదు. శబ్దం విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పీఎస్5 మొదట శబ్దాన్ని తానే విప్పి పంపే లీనియర్ పీసీఎం పద్ధతిలో పెట్టి ఉంటుంది. డిస్కు మీద అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే శబ్దం) అని రాసున్నా సౌండ్ రిసీవర్ దాకా అట్మాస్ చేరదు. సినిమా ఆడుతుండగా ఆప్షన్స్ బటన్ నొక్కి, ఆడియో ఫార్మాట్‌ను బిట్‌స్ట్రీమ్‌కు (విప్పకుండా ఉన్నదున్నట్టు పంపే పద్ధతికి) మార్చాలి. సౌండ్‌బార్ పాడైందని రిపేరుకు పట్టుకెళ్ళే ముందు ఇది చూడండి.

తగిలించే డ్రైవ్‌లోని అసలు మేలు ధరలో లేదు, రిపేరులో ఉంది. 2020 మోడల్ డిస్క్ పీఎస్5లో డ్రైవ్ మీది చిన్న బోర్డు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. డ్రైవ్ చెడితే పాత బోర్డును తీసి కొత్త డ్రైవ్‌కు మార్చాలి, లేకపోతే డిస్కులు చదవదు. ఈ పని తెలిసిన చేయి మన జిల్లాల్లో దొరకడం కష్టం, బెంగుళూరుకో హైదరాబాదుకో మోయాలి. అనంతపురం నుంచి బెంగుళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు, రెండూ 44వ జాతీయ రహదారి మీద 210 కిలోమీటర్ల చిల్లరే. అయినా ఒక లెన్సు కోసం రెండుసార్లు పోయి రావాలి. సన్న మోడల్‌లో అయితే డ్రైవ్ ఊడదీసి ఇంకొకటి పెట్టి, నెట్‌లో జతచేస్తే అయిపోయింది. సన్న మోడల్ డిస్క్ ఎడిషన్‌లో ఉండేది కూడా ఈ ఊడొచ్చే డ్రైవే.

ఎక్స్‌బాక్స్ వైపు తగిలించే దారే లేదు. సిరీస్ ఎస్ కొన్నవాళ్ళు డిస్కుల సంగతి మరచిపోవాలి. డిస్క్ ఉన్న సిరీస్ ఎక్స్ 4కే బ్లూరే ఆడిస్తుంది, కాకపోతే స్టోర్ నుంచి బ్లూరే ప్లేయర్ యాప్‌ను ఉచితంగా దించుకోవాలి. తెల్లరంగు డిజిటల్ సిరీస్ ఎక్స్ కూడా ఒకటుంది, పేరు చూసి మోసపోకండి.

ఎక్స్‌బాక్స్‌కు ఒకప్పుడు బయటి డ్రైవ్ ఉండేది. 2006 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 కోసం, అప్పట్లో బ్లూరేకు పోటీగా ఉన్న హెచ్‌డీ డీవీడీ డిస్కుల డ్రైవ్ తెచ్చింది, అమెరికాలో 199 డాలర్లు. యూఎస్‌బీతో కన్సోల్‌కు, విడి అడాప్టర్‌తో ప్లగ్గుకు. డ్రైవ్ పని డిస్కు చదవడం వరకే, బొమ్మను విప్పే పనంతా కన్సోల్‌ది. ఆటల డిస్కులు అందులో ఆడవు. అదే నెలలో సోనీ పీఎస్3 లోపలే బ్లూరే పెట్టి వదిలింది. రెండింటిదీ ఒకే నీలి లేజర్, 405 నానోమీటర్లు. తేడా డిస్కు పొరలో ఉంది: హెచ్‌డీ డీవీడీలో సమాచారం 0.6 మిల్లీమీటర్ల లోతున, బ్లూరేలో 0.1 మిల్లీమీటరు లోతునే. అందుకే బ్లూరే పొరకు 25 జీబీ పట్టింది, హెచ్‌డీ డీవీడీకి 15 మాత్రమే. 2008 జనవరిలో సినిమా సంస్థ వార్నర్ బ్లూరే వైపు పోయింది, ఫిబ్రవరి 19న హెచ్‌డీ డీవీడీని నడిపిన తోషిబా చేతులెత్తేసింది, ఆ వారంలోనే మైక్రోసాఫ్ట్ డ్రైవ్ ఆపేసి ధర 49 డాలర్లకు దించింది.

పాత సామాను బజార్లో ఈ డ్రైవ్ కనబడి "హై డెఫినిషన్ డ్రైవ్, చవక" అన్నారని కొనకండి. బ్లూరే చదవదు, కొత్త ఎక్స్‌బాక్స్‌లకు పట్టదు. హెచ్‌డీ డీవీడీలు చేతిలో ఉండి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలనుకునే వాళ్ళకే దాంతో పని. కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలిస్తే గుర్తుపడుతుంది. విండోస్ ఎక్స్‌పీ నాటి కంప్యూటర్ అయితే ఆ డిస్కులను చదివించే యూడీఎఫ్ 2.5 డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేయాలి, విస్టా నుంచి అక్కర్లేదు. అమెరికా నుంచి వచ్చిన డ్రైవ్ అయితే అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూడకుండా ప్లగ్గులో పెట్టొద్దు.

సినిమాల కోసమే పాత కన్సోల్ చూస్తుంటే రెండు పేర్లు. పీఎస్3 నేటికీ మంచి బ్లూరే ప్లేయర్: త్రీడీ బ్లూరే ఆడుతుంది, ఆడియో సీడీ ఆడుతుంది, బ్లూరే తాళంచెవి పునరుద్ధరించడానికే సోనీ ఇటీవలి దాకా అప్‌డేట్లు ఇస్తూ వచ్చింది. 4కే మాత్రం లేదు. మొదటి లావు మోడల్ వద్దు, పసుపు లైటు వెలిగి ఆగిపోయే జబ్బు దానికి బాగా ఉంది. రెండోది ఎక్స్‌బాక్స్ వన్ ఎస్. 2016 నాటిదైనా 4కే బ్లూరే ఆడిస్తుంది. పీఎస్4 ప్రో ఆడించదు. వన్ ఎస్‌లోనూ ఆల్ డిజిటల్ అని చీలిక లేని రకం ఉంది, ముందువైపు చూసి కొనండి.

ఆటల మీద ధ్యాస లేనివాళ్ళకు కన్సోలే దండగ. సోనీ ఎక్స్700 లాంటి విడి 4కే ప్లేయర్ డాల్బీ విజన్ ఇస్తుంది, సీడీలు ఆడిస్తుంది, చప్పుడు తక్కువ, కన్సోల్ వాడుకునే కరెంటులో చిన్న వంతుతోనే నడుస్తుంది. డాల్బీ విజన్ టీవీ, మంచి సౌండ్ సిస్టమ్ ఉన్న ఇంట్లో ఏ కన్సోలూ దీనికి సాటి రాదు. శాంసంగ్, ఎల్‌జీ ఈ ప్లేయర్ల తయారీ మానేశాయి కాబట్టి, కావాలనుకుంటే వాయిదా వేయడం మంచిది కాదు.

లాప్‌టాప్‌కు యూఎస్‌బీ డ్రైవ్ మాటేమిటి? మామూలు బ్లూరేకు పర్వాలేదు, ప్లేయర్ సాఫ్ట్‌వేర్ కొనాలి. విండోస్‌లో అది ఉండదు. 4కే డిస్కును కంప్యూటర్‌లో అధికారికంగా ఆడించాలంటే ఇంటెల్ ఎస్‌జీఎక్స్ అనే సౌకర్యం ఉండాలి, కొత్త ప్రాసెసర్లలో దాన్ని తీసేశారు. డిస్కు తిరగడం మొదలుపెట్టి టక్‌టక్‌మని ఆగిపోతుంటే తప్పు డిస్కుది కాదు, కరెంటుది: యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, డిస్కు తిరగడం అందుకునేటప్పుడు అంతకన్నా ఎక్కువ లాగుతుంది. 3.0 పోర్టుకు మార్చాలి, లేదా రెండు ప్లగ్గుల కేబుల్ వాడాలి.

ఏది కొన్నా డిస్కు వెనక రీజియన్ గుర్తు చూడాలి. మన దేశానికి బ్లూరేలో సి, డీవీడీలో 5. అమెరికాలోని బంధువులు తెచ్చిన కన్సోల్ ఎ, 1 గుర్తులవే చదువుతుంది, రీజియన్ లేని డిస్కులైతే ఇబ్బంది లేదు. 4కే బ్లూరేలకు రీజియన్ గొడవే లేదు. అలమరలో ఉన్నవన్నీ పాత తెలుగు సినిమాల డీవీడీలైతే ఈ ఖర్చు ఏదీ వద్దు. డీవీడీలో ఉండేది 480 లేదా 576 గీతల బొమ్మే, 4కే డ్రైవ్‌లో పెట్టినా ఆ గీతలు పెరగవు.

ఇక మన ఎండ, మన దుమ్ము. పీఎస్5కు సోనీ చెప్పిన వేడి హద్దు 35 డిగ్రీలు. మేలో కర్నూలు 43 చూపిస్తుంటే మిద్దె కింద గదిలో ఆ హద్దు మధ్యాహ్నానికే దాటుతుంది. సినిమా రాత్రికి పెట్టుకోండి, కన్సోల్‌ను టీవీ బల్ల అరలో తోయకుండా చుట్టూ జానెడు ఖాళీ వదలండి. తాడిపత్రి పాలిషింగ్ యూనిట్ల దగ్గర, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల పక్కన ఉండే ఇళ్ళలో రాతిపొడి అన్నిటికంటే చెడ్డది. చీలిక అంచున నల్లటి మెత్తని పట్టీ ఉంటుంది. ఆ పొడి దానికి అంటుకుంటే, లోపలికి పోయేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ డిస్కు మీద నిలువు గీతలు పడతాయి. గుండ్రటి గీతలైతే డ్రైవ్ లోపలి తప్పు, నిలువు గీతలైతే పట్టీ. వాడనప్పుడు గుడ్డ కప్పండి, ఆన్ చేసే ముందు తీసేయండి. అలాంటి ఇంట్లో చీలిక డ్రైవ్ కంటే ట్రే బయటికొచ్చే విడి ప్లేయరే మేలు.

కరెంటు పోయి వచ్చే ఇంట్లో ఇన్వర్టర్ వెనకున్న మీటను నార్మల్ నుంచి యూపీఎస్‌కు మార్చండి. నార్మల్‌లో మారే వ్యవధి ఎక్కువ, కన్సోల్ ఆగిపోయి డేటాబేస్ సరిచేసుకుంటూ మళ్ళీ లేస్తుంది.

సెకండ్ హ్యాండ్ డ్రైవ్ కొనేటప్పుడు రెండు డిస్కులు వెంట తీసుకుపోండి: ఒక డీవీడీ, రెండు పొరల బ్లూరే ఒకటి. డీవీడీకి ఎర్ర లేజర్, బ్లూరేకు నీలి లేజర్. డీవీడీ ఆడి బ్లూరే ఆడకపోతే నీలి లేజర్ అరిగింది, బేరం వదిలేయండి. రెండూ ఆడితే బ్లూరేను సినిమా సగానికి జరిపి, అక్కణ్ణుంచి పది నిమిషాలు ఆగకుండా చూడండి. పొర మారే చోటు సాధారణంగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. లెన్సుకు దుమ్ముంటే అక్కడే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అప్పుడు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండిన దూది పుల్లతో, బరువు వేయకుండా లెన్సును ఒకసారి తుడిచి ఆరనివ్వమని అక్కడే అడగండి. తుడిచాక కూడా అదే చోట ఆగితే, ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.