తూనీగ మీది నల్లులకు ఏ లెన్స్? రేనాక్స్ తగిలించిన మాక్రోనా, తిప్పి బిగించిన 28 ఎంఎంనా?

తూనీగ ఒంటి కింద ఎర్రపూసల్లా కనిపించేవి గుడ్లు కావు, నీటి నల్లుల (వాటర్ మైట్స్) పిల్లలు. తూనీగ ఇంకా నీళ్లలో లార్వాగా ఉండగానే దాన్ని పట్టుకుని, అది రెక్కలతో బయటికొచ్చేటప్పుడు కొత్త ఒంటి మీదికి మారి, రసం పీల్చుకుంటూ ఉండి, తూనీగ మళ్లీ నీటి దగ్గరికి వచ్చినప్పుడు రాలిపోతాయి. అంత చిన్నవి కాబట్టే లెన్స్ ఎంపిక ముఖ్యం.

100 ఎంఎం మాక్రో (చిన్నవాటిని దగ్గర్నుంచి తీసే లెన్స్) సాధారణంగా 1:1 దగ్గర, అంటే సెన్సర్ మీద అసలు సైజు బొమ్మ దగ్గర ఆగిపోతుంది. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నదైన) సెన్సర్‌లో ఫ్రేమ్ వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు, అందులో నల్లి ఒక చుక్క. లెన్స్ ముందు రేనాక్స్ డీసీఆర్-250 (క్లిప్పుతో పెట్టే భూతద్దం లాంటిది) తగిలిస్తే దాదాపు రెట్టింపు సైజు వస్తుంది, తీసేస్తే మళ్లీ తూనీగ మొత్తం పడుతుంది. పైగా పురుగుకి బెత్తెడు దూరంలో ఉండొచ్చు.

పాత 28 ఎంఎంని రివర్స్ రింగుతో, ముందువైపు కెమెరాకి వచ్చేలా తిప్పి బిగిస్తే ఖర్చు చాలా తక్కువ, సైజు రెండింతల పైనే. కానీ దాదాపు 4 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి, ఈలోపు తూనీగ ఎగిరిపోతుంది. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) చేత్తో తిప్పాలి (రింగున్న పాత లెన్సే కొనండి), దాన్ని ఎఫ్/8కి చిన్నది చేయగానే వ్యూఫైండర్ చీకటి.

బతికున్న తూనీగకైతే నేను మాక్రో, రేనాక్సే వాడతాను. గొంగళిపురుగు వీపు మీద పరాన్న కందిరీగల తెల్లటి గూళ్లు దొరికితే మాత్రం తిప్పిన లెన్సే, అది పెద్దగా కదలదు కదా. దేనికైనా ఫ్లాష్ ముందు డిఫ్యూజర్ (వెలుగుని మెత్తబరిచే తెర) తప్పనిసరి.