పూర్ణా మార్కెట్ పటాల కొట్టులో కట్టించిన చంద్రయాత్ర తునక

అమెరికాలో ఉన్న మా చిన్నమ్మాయి నా రిటైర్‌మెంటుకి పంపిన కానుక బియ్యపు గింజకన్నా కొంచెం పెద్దది, అంతే. మొదటిసారి చంద్రుడి మీద దిగిన అపోలో 11 వాళ్లు తిరిగొచ్చిన కొలంబియా మాడ్యూలు ఒంటికి వేడీ చలీ తగలకుండా అంటించిన క్యాప్టాన్ అనే పల్చటి ప్లాస్టిక్ పొరలో తునక. ఒక పక్క అల్యూమినియం పూత, రెండో పక్క తేనె రంగు. 1969 జూలై 24న పసిఫిక్‌లో దిగేలోపు ఆ పొర చాలావరకు కాలిపోయింది. మిగిలినదాన్ని తర్వాత ఊడదీశారు. మాడ్యూలు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది, గింజంత ముక్క విశాఖ పెదవాల్తేరులో మా ఇంటికొచ్చింది.

మొదట వెళ్లిన కొట్టులో దాన్ని జిగురుతో అట్టకి అంటించేస్తామన్నారు, వెనక్కి తెచ్చేసుకున్నాను. తర్వాత పూర్ణా మార్కెట్ దగ్గర దేవుడి పటాలు కట్టే చిన్న కొట్టు గురించి మా తోడల్లుడు చెప్పాడు.

"ఏటండీ బాబుగారూ ఇది?" అన్నాడు ఆ కొట్టు అబ్బాయి. చెప్పాను. వెంటనే ఫ్యాను కట్టేశాడు. చేతులు కడుక్కుని, బల్ల మీద తెల్ల కాగితం పరిచి, అప్పుడు డబ్బీ తెరవమన్నాడు. నేను నేవీ డాక్‌యార్డులో ముప్పై ఐదేళ్లు ఫిట్టర్ని. పని వచ్చినవాడి చేతులు చూస్తే తెలుస్తుంది.

వెనకాల చంద్రుడి ఫొటో పెట్టమని నేనే అడిగాను. వద్దన్నాడు. "ఫొటో పెడితే అందరూ ఫొటోనే చూస్తారండి, ముక్కని ఎవరు చూస్తారు?" అని నల్ల అట్ట తీసి, నడిమధ్య చిన్న కంత చేశాడు. రెండు పల్చటి గాజు బిళ్లల మధ్య తునకని నిలబెట్టి ఆ కంతలో బిగించాడు. జిగురు చుక్క తగల్లేదు. పటం తిప్పితే వెండి పక్కా కనబడుతుంది. నలిగిన ముడతని చదును చెయ్యలేదు, అది దాని ప్రయాణం గుర్తు అని తనకే తోచింది. వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి సంపాదించి ముందు ఇత్తడి కొక్కేనికి వేలాడదీశాడు. ఇంత నల్లటి ఖాళీలో ఆ చిన్న మెరుపుని దగ్గరికి వెళ్లి వెతుక్కుని చూడాలి. నా దృష్టిలో ఇది పటం కట్టడం కాదు, శిల్పం చెయ్యడమే.

మన ఊరి ఉప్పుగాలికి ఇనుప మేకు ఏడాది తిరక్కుండా తుప్పు పడుతుంది. ఇత్తడి స్క్రూలు వెయ్యమన్నాను, వేశాడు. వెనక అంచులన్నీ సిలికాన్‌తో మూశాడు. అసలుదని రాసిచ్చిన కాగితం పాడవకుండా వెనక సంచీలో పెట్టాడు.

పని చేస్తూ, "మన గగన్‌యాన్ ముక్క కూడా దొరుకుతుందా అండీ?" అని అడిగాడు. గగన్‌యాన్ అంటే మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే మన దేశం పని. 2023 జూలైలో దాని నమూనాని నీళ్లలోంచి తీసే రికవరీ పరీక్షల్లో రెండో దశ మొదలైంది మా డాక్‌యార్డులోనే. అక్టోబర్ 21న పరీక్ష కోసం శ్రీహరికోట నుంచి ఎగిరిన క్రూ మాడ్యూలుని, అంటే మనుషులు కూర్చోవాల్సిన భాగాన్ని, బంగాళాఖాతంలోంచి మన నేవీవాళ్లే తీశారు. కానీ వాళ్లంతట వాళ్లు ఇస్తే తప్ప అలాంటివి కొనుక్కోలేం. పైకి పంపిన వస్తువు తిరిగి ఎక్కడ పడినా పంపినవాళ్లదే, దేశాలు చేసుకున్న 1967 అంతరిక్ష ఒప్పందంలో అలా రాసుకున్నారు. చెప్పగానే ఆ అబ్బాయి ముఖం కొంచెం వాడిపోయింది.

పన్నెండు రోజులు పట్టింది, వారమన్నాడు. మొత్తం 1,450 రూపాయలు తీసుకున్నాడు. మెరుపు కొట్టని గాజు తన దగ్గర లేదు, మామూలుదే వేశాడు. అందుకని కిటికీకి ఎదురుగా పెడితే మన ముఖమే కనబడుతోంది, పక్క గోడకి మార్చాను. ఇలాంటి పని ఇచ్చేవాళ్లు ఆ గాజు ముందే తెచ్చుకెళ్తే మంచిది.

మా అమ్మ 1979లో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మీద పడుతుందని పెరట్లో ఉన్న కోళ్లన్నీ కోసి మాకు వండి పెట్టింది. ఇప్పుడు ఈ పటం చూసి, ఇదేనేటిరా అది అని అడిగింది. కాదమ్మా, ఇది వేరేది, మనుషుల్ని క్షేమంగా తెచ్చింది అన్నాను. ఆ భూతద్దం కంటికి ఆనించుకుని చాలాసేపు అలాగే నిలబడింది.