ప్రొపీనా అంటే టిప్పా, ఫీజా, లంచమా? రెండు ఉచిత నిఘంటువులకు ఒక పరీక్ష

స్పానిష్ వచ్చినవాళ్లు పోర్చుగీసులో బోల్తాపడే మాటల్లో ప్రొపీనా ముందుంటుంది. స్పానిష్‌లో అది వడ్డించినవాళ్లకు ఇచ్చే టిప్పు. పోర్చుగల్‌లో విశ్వవిద్యాలయానికి కట్టే ఫీజు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల డిగ్రీ కోర్సులకు దీని వార్షిక పరిమితిని 2020-21లో 697 యూరోలకు తగ్గించారు. బ్రెజిల్‌లో మాత్రం అచ్చంగా లంచం. 2014లో అక్కడ మొదలైన లావా జాటో అవినీతి దర్యాప్తు వార్తల్లో, ప్రభుత్వ చమురు సంస్థ పెట్రోబ్రాస్ ముడుపులకు వాడిన మాట ఇదే. మూలం మాత్రం ఒక్కటే, తాగమని అందించడం అనే అర్థమున్న లాటిన్ ప్రొపినారె. మనకు దండన అయిన ‘శిక్ష’ హిందీలో చదువైనట్టే.

స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువు 23వ ముద్రణ 2014లో వచ్చింది, ఆన్‌లైన్‌లో సవరణలు చేరుతుంటాయి. స్పానిష్ అర్థానికి ఇదే ప్రమాణం. దేశాన్ని బట్టి మారే అర్థాల ముందు ఆ దేశం పేరును కుదించిన పొట్టి అక్షరాలు ఉంటాయి, వాటిని దాటేయకండి. పోర్చుగీసు ఊసు ఉండదు, అది దాని పనీ కాదు.

ఈ మాటకు అసలు అక్కరకొచ్చేది ప్రిబెరామ్ అనే ఆన్‌లైన్ పోర్చుగీసు నిఘంటువు. బ్రెజిల్‌కే పరిమితమైన అర్థానికి బ్రాకెట్లో దేశం పేరు వేస్తుంది. సెట్టింగుల్లో ఐరోపా పోర్చుగీసో, బ్రెజిల్ పోర్చుగీసో ముందే ఎంచుకోవాలి. లోపమూ ఉంది: బహుమానంగా ఇచ్చే డబ్బు అనే పాత అర్థం కూడా అందులో కనిపిస్తుంది. అది చూసి ‘రెండు భాషల్లోనూ ఒకటేలే’ అనుకుంటే బ్రెజిల్లో వెయిటరుకు లంచం ఇవ్వజూపినట్టే. టిప్పుకు రెండు దేశాల్లోనూ వాడుక మాట గోర్జేటా.

అనువాద యాప్‌లను ఒంటి మాటతో నమ్మొద్దు. ఇంగ్లీషును వంతెనగా వాడే యాప్‌లో ప్రొపీనా ‘టిప్’ అవుతుంది, అక్కడినుంచి చిట్కా అనే అర్థమున్న ‘డికా’గా తేలొచ్చు. పూర్తి వాక్యం ఇచ్చి, వచ్చిన పోర్చుగీసు మాటను మళ్లీ ప్రిబెరామ్‌లో వెతకండి.

రెండో పరీక్షకు అపెలీదో తీసుకోండి. పోర్చుగల్‌లో అది ఇంటిపేరు, స్పానిష్ అపెయిదో లాగే. బ్రెజిల్‌లో ముద్దుపేరు. అక్కడి ఫారంలో ఇంటిపేరు రాయాల్సింది ‘సోబ్రెనోమి’ అన్న గడిలో. దాన్ని పోలిన స్పానిష్ మాట సోబ్రెనోంబ్రేకు అర్థం మళ్లీ ముద్దుపేరే!